జీమెయిల్ వదిలెయ్యాలా? ఒక టీచర్ గారి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను, రిటైర్డ్ టీచర్‌ని. 2011లో మా అబ్బాయి ఎంసెట్ కౌన్సెలింగ్ అప్పుడు మా వీధి చివర నెట్ సెంటర్ అతను నాకు జీమెయిల్ తెరిచి ఇచ్చాడు. ఇప్పటికీ అదే వాడుతున్నాను. బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్, పెన్షన్ అన్నిటికీ అదే మెయిల్. ఈ మధ్య ఒక చికిత్స తీసుకుంటున్నాను. అదేమిటో బంధువులకు తెలియడం నాకు ఇష్టం లేదు. ల్యాబ్ రిపోర్టు మెయిల్‌కి వచ్చిన రెండు రోజులకే ఫోన్‌లో ఆ జబ్బు మందుల ప్రకటనలు కనిపించాయి. చాలా భయమేసింది. నా మెయిల్ ఎవరైనా చదువుతున్నారా? బెంగళూరులో ఉన్న మా అబ్బాయి జీమెయిల్ మానేసి ప్రోటాన్‌కి మారిపొమ్మంటాడు. మా వారికి ఎప్పటిదో యాహూ ఉంది, ఏదైనా ఒకటేనంటారు. తోటి టీచరొకరు మన జోహో ఉండగా వేరేది ఎందుకన్నారు. పైగా స్టోరేజ్ నిండిందని రోజూ హెచ్చరిక వస్తోంది. డిసెంబరులో మా అమ్మాయి దగ్గరికి డాలస్ వెళ్ళి ఆరు నెలలు ఉంటాను. ఈలోపు ఏం చెయ్యాలి? డబ్బు కట్టే ఆలోచన లేదు.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ ప్రకటనల సంగతి చూద్దాం. మీ భయమంతా అక్కడే మొదలైంది కదా.

జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న వచ్చింది. అప్పట్లో హాట్‌మెయిల్, యాహూ లాంటివి రెండు నుంచి నాలుగు మెగాబైట్ల చోటు ఇస్తుంటే గూగుల్ ఏకంగా ఒక గిగాబైట్ ఇచ్చింది. అందుకు బదులుగా మెయిల్‌లోని మాటలను కంప్యూటర్ చదివి, వాటికి తగిన ప్రకటనను పక్కన చూపించేది. దాని మీద ఆ రోజుల్లోనే పెద్ద గొడవ జరిగింది. చివరికి 2017 జూన్‌లో, ప్రకటనల కోసం మెయిళ్ళలోని విషయాన్ని వాడటం ఆపేస్తామని గూగుల్ ప్రకటించింది. పద్ధతి పోయినా జనంలో ఆ మాట మాత్రం ఉండిపోయింది. కాబట్టి ఆ రిపోర్టు మెయిల్‌కి రావడం వల్లే ప్రకటనలు వచ్చాయని నేను అనుకోవడం లేదు.

మరి ఎలా వచ్చాయి? రిపోర్టు చూశాక మీరు ఏం చేసి ఉంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. అందులో ఉన్న పేరేదో అర్థం కాక గూగుల్‌లో వెతికి ఉంటారు. దాని గురించి యూట్యూబ్‌లో ఒక డాక్టరు చెప్పిన వీడియో చూసి ఉంటారు. మందుల యాప్‌లో ధర చూసి ఉంటారు. ఎవరైనా అదే చేస్తారు. ప్రకటనలు ఎక్కువగా పుట్టేది ఈ దారుల్లోనే. మీరు మెయిల్ ఎక్కడికి మార్చినా ఆ దారులు అలాగే ఉంటాయి. ప్రోటాన్‌కి మారాక కూడా గూగుల్‌లో అదే జబ్బు గురించి వెతికితే మళ్ళీ అలాంటి ప్రకటనలే కనిపించవచ్చు. మీ గూగుల్ ఖాతాలో డేటా అండ్ ప్రైవసీ అనే పేజీ ఉంటుంది. అందులో 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ', 'యూట్యూబ్ హిస్టరీ' రెండూ ఆపేసి, పాతది చెరిపెయ్యండి. అక్కడే 'మై యాడ్ సెంటర్'లో మీ కోసం ఎంచిన ప్రకటనలు వద్దని చెప్పే మీట ఉంది, అదీ ఆపెయ్యండి. మందుల యాప్‌కి మీ ఫోన్‌లో ఏయే అనుమతులు ఇచ్చారో కూడా చూడండి.

అంతమాత్రాన జీమెయిల్ మీ ఉత్తరాల జోలికే రాదని కాదు. స్పామ్‌ని, వైరస్‌ని పట్టుకోవడానికి ప్రతి మెయిల్‌నూ యంత్రం చూస్తుంది. రైలు టికెట్ వస్తే తారీఖును క్యాలెండర్‌లో పెట్టడం, కొన్న వస్తువు ఎక్కడిదాకా వచ్చిందో చూపించడం, మీరు రాయబోయే వాక్యాన్ని ముందే సూచించడం లాంటివన్నీ లోపలి విషయం చూస్తేనే కుదురుతాయి. వీటికి 'స్మార్ట్ ఫీచర్స్' అని సెట్టింగ్స్‌లో ఒక మీట ఉంది. మీకు అవి అక్కర్లేదనిపిస్తే ఆపెయ్యండి, మెయిల్ మామూలుగానే పనిచేస్తుంది. గూగుల్ దగ్గర మీ మెయిల్ తాళం వేసే ఉంటుంది గానీ, ఆ తాళంచెవి కూడా గూగుల్ దగ్గరే ఉంటుంది. మీ అబ్బాయికి నచ్చనిది అదే. అది సరైన అభ్యంతరమే, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టిన మాట వేరే ఉంది. ఖాతా తెరిచింది నెట్ సెంటర్ అతను. మన ఊళ్ళలో ఇది ఇంటింటి సంగతి. ఎంసెట్ అప్లికేషన్‌కో, స్కాలర్‌షిప్‌కో, రేషన్ కార్డుకో మెయిల్ కావాలంటారు. మనకు ఉండదు. వాళ్ళే అప్పటికప్పుడు ఒకటి తెరిచి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇస్తారు. తొందరలో ఓటీపీ కోసం వాళ్ళ ఫోన్ నంబరే పెడతారు. అందులో చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆ నంబరు ఇప్పటికీ మీ ఖాతాలో రికవరీ నంబరుగా ఉంటే, 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అని నొక్కి మీ ఖాతాలోకి రావడానికి మొదటి మెట్టు అతని చేతిలో ఉన్నట్టే. ఇన్నేళ్ళలో ఆ సిమ్ మూలన పడి ఉంటే సంగతి ఇంకా చెడ్డది. వాడకుండా వదిలేసిన నంబరును 90 రోజులు దాటాక టెలికాం కంపెనీ ఆపెయ్యవచ్చు. ఆ తర్వాత కనీసం మరో 90 రోజులు ఆగి దాన్ని కొత్తవాళ్ళకు ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీ ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తుంది.

ఏ కంపెనీ మంచిదన్న ప్రశ్న పక్కన పెట్టి, ఈ రోజే ఈ పని చెయ్యండి. కంప్యూటర్ దగ్గర కూర్చుని చేస్తే సులువు. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ పేజీ తెరవండి. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ రెండూ మీవేనా చూడండి, కాకపోతే తీసేసి మీవి పెట్టండి. పాస్‌వర్డ్ మార్చండి, ఇంకెక్కడా వాడనిది పెట్టండి. మీ పరికరాలు అనే జాబితాలో ఏయే ఫోన్లు, కంప్యూటర్లు మీ ఖాతాలో ఉన్నాయో కనిపిస్తుంది. పెళ్ళిలో ఫోటోలు చూడటానికి మీ మెయిల్ తెరిచిన మేనకోడలి ల్యాప్‌టాప్, మీరు ఎవరికో ఇచ్చేసిన పాత ఫోన్, ఇలాంటివన్నీ అక్కడ బయటపడతాయి. మీవి కానివన్నీ సైన్ అవుట్ చెయ్యండి. తర్వాత జీమెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫార్వర్డింగ్ అనే చోట వేరే ఎవరి అడ్రసైనా ఉందేమో చూడండి. అక్కడ ఒక అడ్రస్ పెట్టి వదిలేస్తే, మీరు పాస్‌వర్డ్ మార్చినా మీకు వచ్చే ప్రతి మెయిల్ నకలు అటు వెళ్తూనే ఉంటుంది. చాలామంది ఈ ఒక్కటీ చూడటం మర్చిపోతారు.

మీరు దాచుకోవాలనుకుంటున్నది బంధువుల నుంచి. అమెరికాలో ఉన్న కంపెనీ మీ రిపోర్టును మీ ఆడపడుచుకు చూపించదు. ఇంట్లో టీవీకి తగిలించిన ట్యాబ్‌లో మీ మెయిల్ తెరిచి ఉంటే, ఫోన్ తాళం తియ్యకుండానే పైన నోటిఫికేషన్‌లో ల్యాబ్ పేరు కనిపిస్తే, సంగతి అక్కడే తెలిసిపోతుంది. లాక్ స్క్రీన్ మీద మెయిల్ నోటిఫికేషన్లు కనిపించకుండా పెట్టుకోండి. జిరాక్స్ షాపుకి ప్రింట్ కోసం రిపోర్టు మెయిల్ చేసే అలవాటుంటే మానండి. ఆ షాపు ఇన్‌బాక్స్‌లో వీధి అందరి ఆధార్‌లు, పాన్ కార్డులు, మెడికల్ రిపోర్టులు ఏళ్ళ తరబడి పడి ఉంటాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉందిగా అనుకోవద్దు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం తెలిసిన వారెవరైనా దాన్ని తెరవగలరు. ప్రింట్ తప్పనిసరి అయితే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, అయిపోయాక వాళ్ళ కంప్యూటర్‌లో పడిన ఫైలును మీ కళ్ళ ముందే తీసెయ్యమనండి. అడగడానికి మొహమాటపడకండి.

ఇక మీ అబ్బాయి చెప్పిన ప్రోటాన్. యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు మొదలుపెట్టారు, 2014లో జనానికి అందుబాటులోకి వచ్చింది, కంపెనీ ఉండేది స్విట్జర్లాండ్‌లో. ప్రకటనలు ఉండవు. డబ్బు కట్టే ఖాతాల ఆదాయంతోనే ఉచిత ఖాతాలు నడుస్తాయి. మీ ఇన్‌బాక్స్‌లో ఉన్న మెయిల్‌ని కంపెనీవాళ్ళు కూడా చదవలేని విధంగా దాస్తారు, తాళంచెవి మీ పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది. మెయిల్‌లోని బొమ్మల చాటున దాగి, మీరు ఎప్పుడు తెరిచారో పంపినవాళ్ళకు చేరవేసే ట్రాకర్లను కూడా అడ్డుకుంటుంది. మీ అబ్బాయి మీ మేలు కోరే చెప్పాడు, చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

అయితే ఆ రక్షణ ఎక్కడిదాకా ఉంటుందో తెలుసుకోవాలి. మామూలుగా అయితే రెండు వైపులా ప్రోటాన్ ఉంటేనే ఉత్తరం బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటు దాకా పూర్తిగా దాగి ఉంటుంది. మీ ల్యాబ్ పంపే రిపోర్టు మామూలు మెయిల్‌గానే వస్తుంది. ప్రోటాన్‌కి చేరాక దానికి తాళం పడుతుంది, కానీ ల్యాబ్ దగ్గరున్న నకలు అలాగే ఉంటుంది. అదే రిపోర్టు క్లినిక్ రిసెప్షన్ మెయిల్‌కి కూడా వెళ్ళి ఉంటే అక్కడ దాన్ని ఎంతమంది తెరుస్తారో మనకు తెలియదు. పైగా ఇన్లాండ్ లెటర్ అంటించి పంపినా ఎవరు ఎవరికి రాశారో పైన కనిపించినట్టే, ఇక్కడ కూడా ఎవరి నుంచి, ఎవరికి, ఎప్పుడు, ఏ సబ్జెక్ట్‌తో అన్నవి ఆ పూర్తి తాళం కిందికి రావు. ల్యాబ్‌వాళ్ళు సబ్జెక్ట్ లైన్‌లోనే పరీక్ష పేరు రాస్తే అంతే సంగతులు. వచ్చేసారి వెళ్ళినప్పుడు సబ్జెక్ట్‌లో పరీక్ష పేరు వద్దని, ఉత్త రిపోర్ట్ అని పెట్టమని అడిగి చూడండి.

ప్రోటాన్ చట్టానికి అతీతం కూడా కాదు. 2021లో స్విస్ అధికారుల ఆదేశం మీద ఫ్రాన్స్‌లోని ఒక పర్యావరణ కార్యకర్త ఐపీ అడ్రస్‌ని, అంటే ఏ నెట్ కనెక్షన్ నుంచి మెయిల్ వాడారో చెప్పే నంబరును, అది ఇవ్వాల్సి వచ్చింది. ఉత్తరాల్లో ఏముందో మాత్రం ఇవ్వలేదు, ఇవ్వడం దాని చేతిలో లేదు కూడా. విలేకరికో, సున్నితమైన కేసులు వాదించే లాయరుకో ఈ తేడా ప్రాణంతో సమానం. అలాంటివారు నన్ను అడిగితే జవాబు వేరేగా ఉండేది.

మీకు ప్రోటాన్‌తో వచ్చే ఇబ్బందులు వేరు. ఉచిత ఖాతాకి మెయిల్ చోటు మహా అయితే ఒక గిగాబైటే. పాస్‌వర్డ్ మర్చిపోతే ఖాతా తిరిగి తెరుచుకోవచ్చు గానీ, ముందే రాసి పెట్టుకున్న రికవరీ మాటలు లేకపోతే పాత మెయిళ్ళు మళ్ళీ చదవలేరు. కంపెనీకి ఫోన్ చేసి బతిమాలినా లాభం లేదు, వాళ్ళ దగ్గరా తాళంచెవి ఉండదు కదా. ఇంకొక సంగతి, మన దేశంలో దీని భవిష్యత్తు అంత నిలకడగా లేదు. అసభ్యకరమైన మెయిళ్ళు వస్తున్నాయని ఒక కంపెనీ వేసిన కేసులో, 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి ప్రోటాన్ మెయిల్‌ని నిలిపివేసే చర్యలు మొదలుపెట్టమని కేంద్రాన్ని ఆదేశించారు. అంతకుముందు ఏడాది చెన్నై స్కూళ్ళకు వచ్చిన ఉత్తుత్తి బాంబు బెదిరింపుల తర్వాత కూడా ఇలాంటి మాటే లేచింది. బ్యాంకు, ఇన్‌కమ్ ట్యాక్స్, పెన్షన్ ఉన్న మెయిల్‌ని ఏ రోజు తెరుచుకోదో తెలియని చోట పెట్టమని నేను మీకు చెప్పలేను.

జర్మనీలోని హానోవర్ నుంచి నడిచే టూటా కూడా ఇలాంటిదే. అది సబ్జెక్ట్ లైన్‌ని కూడా దాస్తుంది, అది దాని గొప్ప. కానీ ఉచిత ఖాతాను ఆరు నెలలు తెరవకపోతే తీసేస్తారు. మీరు ఆరు నెలలు ఊళ్ళో ఉండరు కాబట్టి ఇది చెప్పాల్సి వచ్చింది. ప్రోటాన్‌కి ఆ గడువు ఏడాది, గూగుల్‌కి రెండేళ్ళు.

మీ తోటి టీచరు గారు చెప్పిన జోహో మీద నాకు గౌరవం ఉంది. చెన్నై కంపెనీ, మెయిల్‌లో ప్రకటనలు లేవు, వ్యక్తిగత ఉచిత ఖాతాకి ఐదు గిగాబైట్లు ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిళ్ళు కూడా ఇప్పుడు జోహో ఏర్పాటు మీదే నడుస్తున్నాయి. 2025 అక్టోబరులో కేంద్ర హోం మంత్రి అమిత్ షా తన మెయిల్ జోహోకి మారిందని ప్రకటించాక చాలామంది అటు చూశారు. డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకు దాని దగ్గర శుభ్రమైన జవాబుంది. వ్యాపార సంస్థలు కొనే సాఫ్ట్‌వేరే దాని ఆదాయం, మన కళ్ళు ప్రకటనల మీద పడనక్కర్లేదు. అయితే మన దేశపుది అంటే ఎవరికీ కనిపించనిది అని అర్థం కాదు. ప్రోటాన్‌లా కంపెనీ కూడా చదవలేని తాళం అందులో లేదు. చట్టప్రకారం ఆదేశం వస్తే ఇవ్వాల్సిందే, ఆ మాటకొస్తే గూగుల్ కూడా అంతే. మీ అవసరానికి అది అడ్డు కాదు.

మీ వారి యాహూ గురించి కూడా చెప్పాలి, 'ఏదైనా ఒకటే' అన్న మాట నేను ఒప్పుకోను. 2013లో యాహూలో ఉన్న మొత్తం 300 కోట్ల ఖాతాల వివరాలు చోరీ అయ్యాయి. అన్ని ఖాతాలూ అని కంపెనీ బయటపెట్టింది 2017లో. మీ వారి ఖాతా అప్పటికే ఉండి ఉంటే అదీ ఆ లెక్కలోనే ఉంది. ఆ పాత పాస్‌వర్డ్‌నే ఇప్పటికీ ఇంకో చోట వాడుతుంటే ఆ చోట్లన్నిటా మార్చాలి. ప్రకటనల కోసం మెయిళ్ళను జల్లెడ పడుతున్నారని 2018లో అమెరికా పత్రికల్లో వస్తే, కంపెనీ కాదనలేదు, అమ్మకాల మెయిళ్ళు మాత్రమే చూస్తామంది. ఇప్పుడు యాహూ మొదలుపెట్టమని కొత్తవాళ్ళెవరికీ నేను చెప్పను. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ బాగానే ఉంటుంది, 15 గిగాబైట్లు ఇస్తుంది, జీమెయిల్ నుంచి అక్కడికి మారి మీరు కొత్తగా పొందేది మాత్రం ఏమీ లేదు.

ఇంతకీ నా సలహా ఏమిటంటే, జీమెయిల్ ఉంచండి, ఇంకొకటి తెరవండి. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ప్లే స్టోర్ నడవాలన్నా గూగుల్ ఖాతా కావాలి. 'కంటిన్యూ విత్ గూగుల్' అని నొక్కి తెరిచిన యాప్‌లు ఎన్నున్నాయో మీకే గుర్తుండదు. బ్యాంకు, ట్యాక్స్, పెన్షన్ అన్నీ ఒకేసారి మార్చబోయి మధ్యలో ఒక ఓటీపీ పాత మెయిల్‌కి, ఒకటి కొత్త మెయిల్‌కి వస్తే ప్రయాణానికి ముందు మీకు లేనిపోని టెన్షన్. అందుకని ఆఫీసు పనులన్నీ జీమెయిల్‌లోనే ఉండనివ్వండి. చికిత్సకు సంబంధించినవి, డాక్టర్‌కి రాసేవి, మీ సొంతం అనుకున్నవి అన్నీ కొత్త మెయిల్‌కి రానివ్వండి. ఆ కొత్తది ప్రోటాన్ అయితే మీ అబ్బాయి దగ్గరుండి నేర్పిస్తాడు, పాస్‌వర్డ్, రికవరీ మాటలు కాగితం మీద రాసి మీ బీరువాలో పెట్టుకోండి. అంత జాగ్రత్త నా వల్ల కాదనుకుంటే జోహో తీసుకోండి, పాస్‌వర్డ్ మర్చిపోయినా మెయిళ్ళు పోవు. మీ ప్రశ్న బంధువుల గురించే కాబట్టి రెండిట్లో ఏదైనా సరిపోతుంది. కొత్త మెయిల్‌కి మీ పేరే పెట్టనక్కర్లేదు. దాని యాప్‌ని ఫోన్‌లో వేలిముద్రతో తెరుచుకునేలా పెట్టండి. ల్యాబ్‌లో, క్లినిక్‌లో పాత మెయిల్ తీయించి ఇది రాయించండి. జీమెయిల్‌లో ఉన్న పాత రిపోర్టుల్ని దించుకుని, అక్కడ తీసేసి, ట్రాష్‌లో నుంచి కూడా తీసెయ్యండి.

బట్టల షాపు బిల్లు కౌంటర్ దగ్గర, నగల షాపు లక్కీ డ్రా దగ్గర మెయిల్ అడిగితే రెండూ ఇవ్వకండి. ఇవ్వక తప్పదంటే జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఆ షాపు పేరు కలిపి ఇవ్వవచ్చు, అది మీకే చేరుతుంది. రేపు ముక్కూమొహం తెలియని వాళ్ళ నుంచి ఆ అడ్రస్‌కే మెయిళ్ళు మొదలైతే మీ వివరాలు ఎవరు అమ్ముకున్నారో తెలిసిపోతుంది.

అన్నీ ఒకే ఖాతాలో పెట్టవద్దని చెప్పడానికి నాకు ఇంకో బలమైన కారణం ఉంది. గుజరాత్‌లో ఒక ఇంజనీరు తన చిన్ననాటి ఫోటోలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. రెండేళ్ళ వయసులో నాన్నమ్మ స్నానం చేయిస్తున్న ఫోటో ఒకటి వాటిలో ఉంది. యంత్రం దాన్ని పిల్లలపై అకృత్యం కింద జమకట్టి ఖాతా మూసేసింది. మెయిల్ పోయింది, దానితో వ్యాపారం దెబ్బతింది. ఎంత మొరపెట్టుకున్నా పని జరగక అతను గుజరాత్ హైకోర్టుకు వెళ్ళాడు, 2024 మార్చిలో కోర్టు గూగుల్‌కి నోటీసు ఇచ్చింది. పసిపిల్లలకు లాలపోసే ఫోటో లేని ఇల్లు మన దగ్గర ఉంటుందా? డాలస్‌లో మనవడికో మనవరాలికో మీరు స్నానం చేయిస్తుంటే మీ అమ్మాయి ఫోటో తీస్తుంది. ఆ ఫోటోలు క్లౌడ్‌లోకి వెళ్ళకుండా ఫోన్‌లోనే ఉంచుకోండి. ఈ ఉచిత ఖాతాల్లో కష్టం వస్తే వెళ్ళి కూర్చుని మాట్లాడటానికి ఆఫీసు ఉండదు, వినే మనిషి దొరకడు. ఉచితానికి మనం కట్టే అసలు ధర ఇదేనని నేను నమ్ముతాను, ప్రకటనలు దీని ముందు చిన్నవి. అందుకే వెళ్ళే లోపు 'గూగుల్ టేకౌట్' అనే పేజీ నుంచి మీ మెయిళ్ళు, ఫోటోలు మొత్తం ఒకసారి దించి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. ఉచితమే, కాస్త సమయం పడుతుంది అంతే.

స్టోరేజ్ హెచ్చరిక మాత్రం దించుకున్నంత మాత్రాన పోదు, అక్కర్లేనివి అక్కడ తీసేస్తేనే తీరుతుంది. 15 గిగాబైట్లు మెయిల్ ఒక్కదానికే కాదు, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిపి. 2021 జూన్ నుంచి ఫోటోలు ఆ లెక్కలోకి వచ్చాయి, 2024 నాటికి ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా చేరింది. మీ చోటంతా తిన్నది మెయిళ్ళు కాకపోవచ్చు, వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు అయి ఉంటాయి. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు చేర్చవద్దని పెట్టండి, గూగుల్ స్టోరేజ్ పేజీలో పెద్ద ఫైళ్ళు వరుసగా చూపిస్తుంది, అక్కర్లేనివి తీసెయ్యండి. చోటు పూర్తిగా నిండితే కొత్త మెయిళ్ళు రావడం ఆగిపోతుంది, బ్యాంకువి కూడా. కాబట్టి దీన్ని వాయిదా వెయ్యకండి.

ఇక ప్రయాణం. డాలస్‌లో దిగి కొత్త ఫోన్‌లోనో, మీ అమ్మాయి కంప్యూటర్‌లోనో మెయిల్ తెరిస్తే, కొత్త చోటు అని ఓటీపీ అడుగుతుంది. అది మీ ఇండియా సిమ్‌కి వస్తుంది. సిమ్‌కి రోమింగ్ లేక, రీఛార్జ్ అయిపోయి, అక్కడ ఆగిపోయిన అమ్మానాన్నలు ఎందరో. ఇక్కడ ఉండగానే టూ స్టెప్ వెరిఫికేషన్‌లో (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) బ్యాకప్ కోడ్‌లు తీసుకోండి. పది కోడ్‌లు ఇస్తారు, ఒక్కొక్కటి ఒక్కసారి పనిచేస్తుంది. ప్రింట్ తీసి పాస్‌పోర్టు దగ్గర కాకుండా వేరే సంచిలో పెట్టుకోండి. ఫోన్‌లో అథెంటికేటర్ యాప్ పెట్టుకుంటే సిమ్ లేకుండా కూడా కోడ్ వస్తుంది. సిమ్‌ని మాత్రం చావనివ్వకండి, బ్యాంకు ఓటీపీలకు అదే ఆధారం. ఆరు నెలలకు సరిపడా రీఛార్జ్ చేయించి, దాన్ని వెంట తీసుకెళ్ళండి. హనుమకొండలో డ్రాయర్‌లో వదిలి వెళ్ళవద్దు.

చివరగా, మీరు అడగలేదు గానీ మీ అబ్బాయిని కూర్చోబెట్టి ఇంకొక పని చేయించండి. గూగుల్ ఖాతాలో 'ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్' అని ఒక ఏర్పాటు ఉంది. మీరు ఇన్ని నెలలు ఖాతా తెరవకపోతే ఎవరికి చెప్పాలి, వాళ్ళకు ఏమేం అందాలి అన్నది ముందే రాసి పెట్టవచ్చు. గడువు మూడు నెలల నుంచి 18 నెలల దాకా మీ ఇష్టం. ఫోటోలు పిల్లలకు అందేలా, మెయిల్ మాత్రం ఎవరికీ అందకుండా కూడా ఎంచుకోవచ్చు. మీ చికిత్స సంగతి మీ దగ్గరే ఉండాలనుకుంటే మెయిల్ అన్న గడిలో టిక్ పెట్టకుండా వదిలెయ్యండి.